పరాయి దేశంలో గుర్తుండిపోయే కాఫీ షాపు దొరకాలంటే

మ్యాప్‌లో ‘బెస్ట్ కాఫీ’ అని ఇంగ్లిషులో కొడితే, ఇంగ్లిషులో రివ్యూలు రాసే యాత్రికులు వెళ్లిన షాపులే ముందు వరసలో వస్తాయి. అవి ఎక్కువగా పెద్ద కూడళ్లలో, పేరున్న కట్టడాల పక్కనే ఉంటాయి. అందుకే ముందు వెతికే మాట మార్చండి. గింజలు తామే వేయించుకునే షాపుల కోసం, అది కూడా అక్కడి భాషలో వెతకండి. ఇటలీలో ‘తొర్రెఫాత్సియోనే’, జర్మన్ మాట్లాడే చోట ‘రోస్టరై’, జపాన్‌లో ‘జికా బైసెన్’. అనువాద యాప్‌లో ఆ లిపిలోకి మార్చి మ్యాప్‌లో అతికించండి. అంతవరకూ కనబడని సందుల్లోని షాపులు బయటపడతాయి.

రేటింగ్ అంకె కన్నా ఫొటోలు ఎక్కువ చెబుతాయి. కౌంటర్ కనిపించే ఫొటోను పెద్దది చేసి చూడండి. అలంకరణకే ఫొటోలన్నీ అయిపోయి కప్పుదీ, మెషీన్‌దీ ఒక్కటీ లేకపోతే పక్కన పెట్టేయొచ్చు. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా అమర్చుకోండి. యజమాని మారినా బోర్డు మీద పేరు అలాగే ఉంటుంది, కాఫీ మాత్రం అలాగే ఉండదు. 3 స్టార్ల రివ్యూలు తప్పకుండా చదవండి. ‘చాలాసేపు ఆగాల్సి వచ్చింది’, ‘వైఫై లేదు’, ‘ఫ్లేవర్ సిరప్‌లు లేవు’ లాంటి ఫిర్యాదులే ఉంటే అది చాలాసార్లు మనకు కావలసిన షాపే.

అయితే ఫోన్‌తో వెతకడం మొదటి షాపు వరకే. రెండోది మొదటి షాపులోని బరిస్టా (కాఫీ చేసిచ్చే వ్యక్తి) చెప్పాలి. ‘దగ్గర్లో మంచి కాఫీ ఎక్కడ?’ అని అడిగితే మొహమాటానికి ఏదో ఒక పేరు చెప్తారు. ‘సెలవు రోజున మీరు ఎక్కడికెళ్లి తాగుతారు?’ అని అడగండి, జవాబే వేరుగా ఉంటుంది. ఆఫీసులకు వెళ్లేవాళ్లు క్యూ కట్టే 8, 9 గంటలప్పుడు అడగొద్దు. పదిన్నర తర్వాత, మీ కప్పు ఖాళీ అయ్యాక, కౌంటర్ దగ్గరికెళ్లి అడగాలి. అక్కడ అమ్మే గింజల సంచి మీద వేరే రోస్టర్ (గింజలు వేయించే సంస్థ) పేరుంటే రాసుకోండి. తమ గింజలు వాడే షాపుల జాబితాను చాలామంది రోస్టర్లు తమ వెబ్‌సైట్‌లోనే పెడతారు.

లోపలికి అడుగుపెట్టాక ఆర్డర్ ఇచ్చే ముందు రెండు నిమిషాలు కౌంటర్‌ను గమనించండి. పాలు కాచిన ప్రతిసారీ ఆవిరి గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదులుతున్నారా? గొట్టం మీద ఎండిన పాల పొర ఉంటే ఆ మెషీన్‌లో మిగతా శుభ్రత కూడా అంతే. ఒకసారి కాచి మిగిలిన పాలను మళ్లీ కాస్తున్నారా? పాలు 60 నుంచి 65 డిగ్రీల దగ్గర తియ్యగా ఉంటాయి. 70 దాటితే ఉడికిన వాసన వచ్చి తీపి తగ్గుతుంది. తర్వాత ఎస్‌ప్రెస్సో (మెషీన్ ఒత్తిడితో తీసే చిక్కటి కాఫీ) దిగే తీరు చూడండి. గింజల నాణ్యతకే పెద్దపీట వేసే కొత్త తరం ‘స్పెషాల్టీ’ షాపుల్లో తరచూ వాడే లెక్క 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో. పదిహేను సెకన్లకే పల్చగా, లేత రంగులో జారిపోతే పుల్లగా, నీళ్లనీళ్లగా ఉంటుంది. ముప్పావు నిమిషం పాటు బొట్టుబొట్టుగా కారితే చేదెక్కుతుంది. సంచి మీద వేయించిన తేదీ ఉంటే, ఆ తేదీ దాటి ఒకటి నుంచి నాలుగు వారాలైన గింజలు మంచి అదునులో ఉన్నట్టు.

ఈ కొలతలు కొత్త తరం షాపులకే. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ప్రతి ఊరికీ తనదైన కాఫీ అలవాటు ఉంటుంది, ఆ షాపును ఆ అలవాటుతోనే తూచాలి. వియన్నా కాఫీహౌస్‌కు వెళ్లి గింజ ఏ తోటదని ఆరా తీస్తే ఉపయోగం లేదు. అక్కడ ఇచ్చేది సమయం. చిన్న ట్రే మీద మెలాంజ్ (పాల నురగ వేసిన కాఫీ), పక్కన గ్లాసుడు మంచినీళ్లు, చదువుకోవడానికి పేపర్లు. ఒక్క కప్పుతో గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు. ఈ సంస్కృతిని ఆస్ట్రియా 2011లో తన యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాతీయ జాబితాలో చేర్చుకుంది. ఇటలీ బార్‌లో (అక్కడ కాఫీ షాపును అలాగే అంటారు) సరిగ్గా దీనికి తలకిందులు. కౌంటర్ దగ్గర నిలబడి రెండు మూడు గుక్కల్లో తాగేసి వెళ్లిపోతారు. కూర్చుంటే చాలాచోట్ల ధర పెరుగుతుంది. కొన్ని బార్‌లలో ముందు క్యాష్ దగ్గర డబ్బు కట్టి, ఆ రసీదు కౌంటర్ మీద పెట్టాలి.

ఆర్డర్ మాటలు ముందే నేర్చుకుంటే సగం ఇబ్బంది తప్పుతుంది. ఇటలీలో ‘లాత్తే’ అంటే పాలే, గ్లాసుడు పాలు తెచ్చిస్తారు. అదే ఇటలీలోని త్రియెస్తే నగరంలో మాటలు మళ్లీ వేరు. ‘నేరో’ అంటే ఎస్‌ప్రెస్సో, ‘కాపో’ అంటే కొద్దిగా పాలు కలిపినది. సింగపూర్ కోపిటియామ్‌లో (అక్కడి సంప్రదాయ కాఫీ హోటల్) ఒట్టి ‘కోపి’ అంటే కండెన్స్‌డ్ మిల్క్‌తో వస్తుంది. ‘కోపి ఓ’ అంటే పాలు లేకుండా, చక్కెరతో. చక్కెర కూడా వద్దంటే ‘కోపి ఓ కోసోంగ్’. టర్కీలో చక్కెర సంగతి ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి, ఎందుకంటే అది కాఫీతో పాటే మరుగుతుంది. చక్కెర వద్దంటే ‘సాదే’, మధ్యస్థంగా కావాలంటే ‘ఓర్తా’. కప్పు రాగానే తాగొద్దు, మడ్డి అడుక్కి దిగనివ్వండి, కదపకండి.

జపాన్‌లో పాతకాలపు కిస్సాతెన్ (అక్కడి కాఫీ షాపు) ఒక్కటైనా చూడాలి. టోక్యోలోని గింజా అనే ప్రాంతంలో 1948 నుంచి నడుస్తున్న కఫే ద లాంబ్ర్ పేరున్నది. ఇలాంటి చోట్ల వీలైతే కౌంటర్ ముందే కూర్చోండి, నెల్ డ్రిప్ చేస్తుంటే దగ్గర్నుంచి చూడొచ్చు. ఫ్లానెల్ గుడ్డ సంచిలో పొడి పోసి, సన్నటి ముక్కున్న కెటిల్‌తో నీళ్లు ముందు బొట్లుగా, తర్వాత దారంలా వదులుతారు. పొడి మధ్యలో గుమ్మటంలా ఉబ్బుతుంది, ఆ ఉబ్బు కుంగిపోకుండా నీళ్లు అందిస్తుంటారు. నిమిషాలు పడుతుంది. కింద చేరిన కాఫీ చిక్కగా, నూనె పట్టినంత నునుపుగా ఉంటుంది. కిస్సాతెన్‌లలో చాలా వాటికి నగదే కావాలి, మనిషికో ఆర్డర్ తప్పనిసరి. ఫొటోకు ముందు అనుమతి అడగండి. కొన్ని చిన్న పాత షాపుల్లో ఇప్పటికీ పొగ తాగనిస్తారు, పడనివాళ్లు తలుపు మీద బోర్డు చూసి లోపలికి వెళ్లాలి.

వేళలు చూసుకోకపోతే నడిచినదంతా వృథా. మెల్‌బోర్న్‌లో మంచి షాపులు చాలా పొద్దున్నే తెరిచి మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో మూసేస్తాయి. పాత కిస్సాతెన్‌లలో కొన్ని మధ్యాహ్నానికి గానీ తెరవవు. అందుకని రోజుకు రెండు షాపులు చాలు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు ఇబ్బంది లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ చెబుతుంది, గర్భిణులకైతే 200. ఇద్దరు కలిసి వెళ్తే ఒకరు ఎస్‌ప్రెస్సో, ఒకరు ఫిల్టర్ (మన పాల ఫిల్టర్ కాఫీ కాదు, వడపోసిన నల్ల కాఫీ) చెప్పి పంచుకోండి. ఫిల్టర్ కాఫీ చివరి మూడో వంతు గోరువెచ్చగా అయ్యేదాకా ఉంచండి. మంచి గింజల తీపి, పులుపు అప్పుడే విడివిడిగా తెలుస్తాయి. నాసిరకం గింజలైతే చల్లారే కొద్దీ నోట పెట్టలేం.

నచ్చిన షాపు గింజలు ఇంటికి తెచ్చుకోవాలంటే వేయించినవే, పొడి పట్టించకుండా కొనండి. పచ్చి గింజలకు చాలా దేశాల కస్టమ్స్ దగ్గర ఆంక్షలుంటాయి. ఎన్ని గ్రాముల పొడికి ఎన్ని గ్రాముల నీళ్లు పోస్తున్నారో, నీటి వేడి ఎంతో బరిస్టాని అడిగి ఆ సంచి మీదే రాసుకోండి.