విద్యుత్ కారుకు లోయరింగ్ స్ప్రింగులు: ముందు కొలత, తరువాతే కొనుగోలు

కారు ఎత్తు తగ్గించే స్ప్రింగులు కొంటామని వచ్చినవాళ్లను నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. మనుషులూ సామానూ ఎక్కాక మీ బండి వెనుక చక్రం బంప్ స్టాప్‌కు, అంటే చక్రం మరీ పైకి పోకుండా ఆపే నురుగు ముక్కకు, ఎంత దూరంలో ఉంటుంది? చాలామంది దగ్గర జవాబు ఉండదు. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు తగ్గితే బండి బాగుంటుందన్న దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. బాగుంటుంది, ఆ మాట నిజం. టెస్లా మోడల్ 3 ఒక అంగుళం కిందికి దిగితే నాకూ చూడముచ్చటగానే ఉంటుంది. అయినా స్ప్రింగును ఎంచుకోవలసింది బయట కనిపించే సందును చూసి కాదు, లోపల మిగిలే కదలికను కొలిచి.

నేను కాకినాడలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను, ఇప్పుడు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాను. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్ల ముందు మోడల్ 3 ఎక్కువగా కనిపిస్తుంది, మాదీ రెండు మోటార్ల మోడల్ 3యే. అందుకే దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. పద్ధతి మాత్రం కాయిల్ స్ప్రింగులున్న ఏ విద్యుత్ కారుకైనా వర్తిస్తుంది. గాలి సస్పెన్షన్ ఉన్న మోడల్ ఎస్, ఎక్స్ లాంటివాటి సంగతి వేరు. వాటికి ఈ స్ప్రింగులతో పని లేదు.

ముందు బరువు గురించి. హోండా సివిక్ 1,300 నుంచి 1,400 కిలోల మధ్య తూగుతుంది. రెండు మోటార్ల మోడల్ 3 బరువు 1,800 కిలోలు దాటుతుంది. బ్యాటరీ నేల పొడవునా పరుచుకుని ఉంటుంది కనుక బరువు కిందనే ఉంటుంది, మలుపుల్లో బండి పెద్దగా ఒరగదు. పెట్రోలు కారుకు ఎత్తు తగ్గించడంలో వచ్చే లాభం చాలావరకు ఈ కారుకు ఫ్యాక్టరీలోనే వచ్చేసింది. మలుపుల్లో పట్టు కోసమే దించాలనుకునేవాళ్లు ఆ డబ్బు మంచి టైర్ల మీద పెడితే ఎక్కువ తేడా తెలుస్తుంది. పైగా ఈ కారుకు నేల నుంచి ఉన్న ఎత్తు 140 మిల్లీమీటర్లే. ఆ నేల పక్కనే ఉన్నది కారులోకెల్లా ఖరీదైన భాగం. ఇక్కడి పార్కింగ్ స్థలాల్లో చక్రానికి అడ్డుగా పెట్టే కాంక్రీటు దిమ్మెలు నాలుగు నుంచి ఆరు అంగుళాల ఎత్తు ఉంటాయి. ఆరు అంగుళాలంటే 150 మిల్లీమీటర్లు.

ఇప్పుడు అసలు లెక్క. ఖాళీ బండిలో చక్రం పైకి కదిలి బంప్ స్టాప్‌ను తాకడానికి 60 మిల్లీమీటర్ల జాగా ఉందనుకుందాం. 25 దించితే 35 మిగులుతుంది. గుంతలో తగిలే దెబ్బ మాత్రం తగ్గదు. అంతకుముందు 60లో మింగిన శక్తిని స్ప్రింగు ఇప్పుడు 35లోనే మింగాలి. స్ప్రింగులో నిలిచే శక్తి కదలిక వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, అదే దెబ్బను బంప్ స్టాప్ దాకా పోనీయకుండా ఆపాలంటే గట్టిదనం దాదాపు మూడు రెట్లు కావాలి. అంత గట్టి స్ప్రింగులతో రోజూ ఆఫీసుకు వెళ్లడం ఎవరి నడుముకూ సాధ్యం కాదు. రోజువారీ వాడకానికి అమ్మే సెట్లు అంత గట్టిగా ఉండవు, ఉండకూడదు కూడా. కాబట్టి మిగతా దెబ్బను మోసేది బంప్ స్టాప్ అనే ఆ చిన్న నురుగు ముక్కే. పెట్టెలో స్ప్రింగులతో పాటు పొట్టి బంప్ స్టాప్‌లు వచ్చాయా, లేక ఉన్నవాటిని ఇంతమేర కోయమని సూచన ఉందా అన్నది తప్పక చూడండి. ఈ విషయం ఊసే ఎత్తని కంపెనీ సెట్టును నేను కొనను.

ఇదే లెక్కను విమానాశ్రయం రోజున వేసి చూడండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగారు. మీరిద్దరూ, వాళ్లిద్దరూ కలిపి 280 కిలోలు. అమ్మానాన్నలకు తలా రెండు 23 కిలోల పెట్టెలు, అంటే మరో 92. పచ్చళ్ల సీసాలు ఆ లెక్కలోనే ఉన్నాయి. మొత్తం 370 పైచిలుకు. అందులో మూడింట రెండు వంతులే వెనుక ఇరుసు మీద పడుతుందనుకున్నా, ఒక్కో వెనుక చక్రం మీద 120 కిలోలకు పైగా అదనం. చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటరుకు 30 న్యూటన్లయితే బండి వెనుక భాగం 40 మిల్లీమీటర్లు కుంగుతుంది. మిగిలింది 35 అనుకున్నాం కదా. బండి ఇంకా పార్కింగ్ నుంచి కదలకముందే బంప్ స్టాప్ మీద కూర్చుంది! స్ప్రింగు పావు వంతు గట్టిదైతే కుంగేది 32, మిగిలేది మూడు. ఇవి ఉదాహరణ అంకెలు. మీ బండి అంకెలు మీరే కొలుచుకోవాలి.

కొలవడం కష్టం కాదు. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. దానిలో రాసినంత గాలి టైర్లలో నింపండి. చదునైన నేల మీద బండి ఆపి, చక్రం మధ్య నుంచి సరిగ్గా పైన ఉన్న మడ్‌గార్డు అంచు దాకా టేపుతో నాలుగు చోట్లా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల లెక్కను పాడుచేస్తుంది. తరువాత ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, డిక్కీలో పెట్టెలు పెట్టి మళ్లీ కొలవండి. ఆ రెండు కొలతల తేడాయే మీ కుటుంబం బరువుకు స్ప్రింగు ఇచ్చే జవాబు.

ఇంకో కొలత డ్యాంపర్ దగ్గర, అంటే స్ప్రింగు ఊపును అణచే షాక్ అబ్జార్బర్ దగ్గర. నాలుగు చక్రాలనూ ర్యాంపుల మీదికి ఎక్కించండి. జాకీ మీద లేపితే చక్రం వేలాడి కొలత తప్పుతుంది. డ్యాంపర్ కడ్డీ మీది రబ్బరు తొడుగు పైకి జరిపి, గొట్టం పై అంచు నుంచి బంప్ స్టాప్ కింది అంచు దాకా ఎంత ఉందో చూడండి. కడ్డీకి ఒక సన్నని కేబుల్ టై బిగించి, దాన్ని గొట్టం అంచుకు ఆనించి వదిలేయండి. ఓ వారం మామూలుగా తిరగండి. గొట్టం పైకి వచ్చిన ప్రతిసారీ ఆ టైని తోస్తుంది, తిరిగి కిందికి దిగినా టై అక్కడే ఉండిపోతుంది. వారం తరువాత టై బంప్ స్టాప్‌కు ఆనుకుని కనిపిస్తే ఫ్యాక్టరీ ఎత్తులోనే మీ దారులు కదలికనంతా వాడేస్తున్నాయని అర్థం. అలాంటి బండిని దించవద్దని నేను గట్టిగా చెబుతాను. డ్యాంపర్ కదలికా చక్రం కదలికా ఒకటి కావు, చక్రం కాస్త ఎక్కువే కదులుతుంది. టై చెప్పే అంకెను ఆ దృష్టితో చూడాలి.

స్ప్రింగు గట్టిదనం అంకెల దగ్గరా ఇదే జాగ్రత్త. మోడల్ 3 వెనుక స్ప్రింగు డ్యాంపర్‌తో కలిసి ఉండదు. చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్మ్ మీద, చక్రానికి లోపలి వైపున విడిగా కూర్చుంటుంది. మీట లెక్కన చక్రం ఒక అంగుళం కదిలితే స్ప్రింగు 0.7 అంగుళమే నలిగితే, చక్రం దగ్గరికి చేరే గట్టిదనం 0.7 వర్గం, అంటే సగానికి కాస్త తక్కువ. వెనుక స్ప్రింగు అంకె పెద్దగా కనిపించగానే అమ్మో, ఇంత గట్టిదా అని బెదరనక్కర్లేదు. ముందు స్ప్రింగు అంకెతో దాన్ని పోల్చడంలో అర్థం లేదు.

ఎంపికలో చాలామంది దాటేసేది కారు రకం. ఒక మోటారు బండికి ముందు ఇరుసు తేలిక. రెండు మోటార్ల బండికి ముందున్న మోటారు బరువు అదనం. ఒకదాని కోసం చేసిన ముందు స్ప్రింగులు రెండోదానికి వేస్తే ఎత్తు తేడా వస్తుంది, బండి ముందుకో వెనక్కో వంగినట్టు కనిపిస్తుంది. అమెరికాలో 2024 జనవరి నుంచి అమ్ముతున్న కొత్త రూపం మోడల్ 3లో డ్యాంపర్లు మారాయి, ఆ ఏడాది వచ్చిన పెర్ఫార్మెన్స్ రకానికి తమంతట తామే సర్దుకునే డ్యాంపర్లు ఇచ్చారు. మోడల్ 3కి సరిపోతుంది అన్న ఒక్క వాక్యం చూసి ఆర్డరు పెట్టకండి. ఏడాది, మోటార్ల సంఖ్య, రకం మూడూ పేరుపేరునా రాసి ఉండాలి.

ఈ విషయంలో జర్మనీ పద్ధతి నాకు చాలా ఇష్టం. అక్కడ స్ప్రింగులు మార్చిన బండి రోడ్డెక్కాలంటే టీయూవీ లాంటి సంస్థ పరీక్షించిన పత్రం ఉండాలి. ఆ స్ప్రింగు ఏ ఇరుసు మీద ఎంత బరువు వరకు పనికొస్తుందో ఆ పత్రంలో కిలోల్లో రాస్తారు. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ రెండూ జర్మన్ కంపెనీలే, మోడల్ 3కి సెట్లు చేస్తాయి. మీరు కొనేది ఎవరిదైనా సరే, ఆ ఇరుసు బరువు అంకె అడిగి తీసుకుని మీ డ్రైవర్ తలుపు స్తంభం మీద ముందు, వెనుక ఇరుసులకు వేర్వేరుగా రాసిన గరిష్ఠ బరువులతో సరిచూసుకోండి. స్ప్రింగు అంకె తక్కువైతే అక్కడితో ఆ బేరం వదిలేయండి. ఇంకొకటీ అడగండి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా స్ప్రింగు తన కుదురులో బిగుతుగానే ఉంటుందా? మరీ పొట్టి స్ప్రింగు వదులై పక్కకు జరిగితే ప్రమాదం. పాత స్ప్రింగుకే రెండు చుట్లు కోసి బండి దించడం గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. అది చేయకూడని పని, అంతే.

లీనియరా ప్రోగ్రెసివా అన్న ప్రశ్నకు నా జవాబు కుటుంబంతో తిరిగే బండికి ప్రోగ్రెసివ్. దానిలో కొన్ని చుట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. అవి ముందుగా కలిసిపోతాయి కనుక బరువు పెరిగేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. విమానాశ్రయం రోజున ఆ గుణమే ఆదుకుంటుంది. ఎంత బరువుకైనా ఒకే గట్టిదనం ఉండే లీనియర్ స్ప్రింగుకు తగిన డ్యాంపర్ కుదర్చడం సులభం కనుక ట్రాక్ మీద నడిపేవాళ్లు దాన్ని ఇష్టపడతారు.

పాత డ్యాంపర్లే ఉంచవచ్చా? స్ప్రింగు గట్టిదనం 40 శాతం పెరిగితే అదే డ్యాంపర్ ఊపును అదుపు చేసే నిష్పత్తి సుమారు 15 శాతం తగ్గుతుంది. అంతవరకు తట్టుకోవచ్చు. 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం దాకా ఫ్యాక్టరీ డ్యాంపర్లతో నేను ఒప్పుకుంటాను. అంతకు మించి దించాలంటే స్ప్రింగూ డ్యాంపరూ కలిపి రూపొందించిన పూర్తి సెట్టు కొనాలి, దాని ఖర్చు కొన్ని రెట్లు ఎక్కువ. ఎక్కువ దూరం తిరిగి డ్యాంపర్లు నూనె కారుస్తున్న బండికి స్ప్రింగులు మాత్రమే మార్చడం డబ్బు దండగ.

బిగించే పనిలో ఒక్క విషయం మీరు దగ్గరుండి చూడాలి. ఆర్మ్‌ల చివర రబ్బరు బుష్‌లు ఉంటాయి. రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది, బోల్టు బిగిస్తే ఆ గొట్టం కదలదు. బండి లిఫ్టు మీద ఉండగా, చక్రం వేలాడుతుండగా బిగించేస్తే, కిందికి దించిన క్షణం నుంచి రబ్బరు మెలితిరిగే ఉంటుంది. ఎత్తు సరిగా రాదు, ఏడాది రెండేళ్లలో బుష్ చిట్లుతుంది. ఇక్కడి ఒక దుకాణంలో మా స్నేహితురాలి కారుకు ఇలాగే చేశారు. బండి రెండు వైపులా సమానంగా నిలవడం లేదని ఆమె పిలిస్తే వెళ్లి చూశాను. బోల్టులు వదులు చేయగానే ఆర్మ్ టక్కున తిరిగింది. కింది నుంచి ఆర్మ్‌ను జాకీతో లేపి, చక్రం మధ్యకూ మడ్‌గార్డుకూ దూరం కొత్త ఎత్తుకు వచ్చాక మాత్రమే చివరి బిగింపు వేయాలి. స్ప్రింగుల కింద రబ్బరు దిండ్లు పాతబడితే మార్చమనండి. ఇంజిను చప్పుడు లేని కారులో అక్కడి కిర్రుమనే శబ్దం చెవిలోనే వినిపిస్తుంది. జాకీ పెట్టేది కంపెనీ చూపించిన నాలుగు చోట్లే, బ్యాటరీ అంచుకు తగలకూడదు. ముందు స్ప్రింగు విప్పేటప్పుడు దానిలో మనిషి ప్రాణం తీసేంత శక్తి నొక్కి ఉంటుంది. స్ప్రింగును నొక్కి పట్టే సరైన కంప్రెసర్, దాన్ని వాడిన అనుభవం రెండూ లేకుండా దాని జోలికి వెళ్లవద్దు.

తరువాత వీల్ అలైన్‌మెంట్. బండి ఎత్తు తగ్గితే చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, ఈ వాలునే క్యాంబర్ అంటారు. పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, అంటే టో కూడా మారుతుంది. లోపలి అంచును తినేసేది ఎక్కువగా టో. అరచేతిని టైరు మీద లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి నిమిరి చూడండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపపు పళ్లలా తగిలితే టో తప్పిందన్నమాట. టో తప్పిన టైర్లు ఈడ్చుకుంటూ నడుస్తాయి, ఛార్జీ మీద వచ్చే దూరమూ తగ్గుతుంది. మోడల్ 3లో టోను సర్దవచ్చు, వెనుక క్యాంబర్‌ను మాత్రం వేరే ఆర్మ్‌లు కొంటే తప్ప సర్దలేం. అలైన్‌మెంట్ కాగితంలో వెనుక క్యాంబర్ మైనస్ 2 డిగ్రీలు దాటితే ఆ ఆర్మ్‌లు కొనండి. డ్రైవింగ్‌లో సాయపడే కారు కెమెరాలు చూసే కోణమూ మారుతుంది కనుక వాటిని మళ్లీ క్యాలిబ్రేట్ చేయించాలి. అది పూర్తి కావడానికి మామూలుగా 20 నుంచి 25 మైళ్లు నడపాలి.

ఎత్తు తగ్గితే గాలి అడ్డు కొంత తగ్గి దూరం పెరుగుతుందన్నది నిజమే. కానీ అదే మోజులో 18 అంగుళాల చక్రాలు తీసి 20 వేస్తే ఆ లాభం పోయి నష్టం మిగులుతుంది. పైగా ఆ చక్రాలకు వేసే 235/35 సైజు టైరుకు గుంతలో రిమ్మును కాపాడేంత పక్క గోడ ఉండదు. వారంటీ సంగతికొస్తే, స్ప్రింగు మార్చినందుకు మొత్తం వారంటీ రద్దు చేయడం అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం కుదరదు. ఆ స్ప్రింగు వల్లే భాగం పాడైందని చూపిస్తే మాత్రం ఆ మరమ్మతును వాళ్లు కాదనవచ్చు.

మా మరిది హైదరాబాద్‌లో నెక్సాన్ ఈవీ నడుపుతాడు. "వదినా, నాకూ ఒక సెట్టు పంపించండి" అన్నాడు. వద్దన్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. చట్టం పక్కన పెట్టినా, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో మెల్లగా లేచి దిగాలి. కాలనీల్లో వేసేవి అలా ఉన్నాయా? ఆ దారులకు ఆ కారు ఎత్తే దానికి రక్ష.

కొత్త స్ప్రింగులు కొన్ని వారాల్లో ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు కుదురుకుంటాయి. అందుకే బిగించిన రోజున ఒకసారి, నెల తరువాత ఒకసారి మడ్‌గార్డు కొలతలు తీసుకుని, తేడా కనిపిస్తే అలైన్‌మెంట్ మళ్లీ చూపించండి. విమానాశ్రయం బరువుతోనూ ఇంకోసారి కొలవండి. పాత స్ప్రింగులకు ఏది ఏ చక్రానిదో చీటీ కట్టి గరాజ్‌లో ఉంచండి. లీజు బండి తిరిగి ఇచ్చేటప్పుడో, అమ్మేటప్పుడో వాటి అవసరం పడుతుంది.