కొత్త ల్యాప్‌టాప్ వేడెక్కుతోందా, వైఫై తెగిపోతోందా? లక్షణం, కారణం, పరిష్కారం

విశాఖపట్నంలో ఎండాకాలం కొత్త ల్యాప్‌టాప్ కొన్నవారి నుంచి తరచుగా రెండు ఫిర్యాదులు కలిసి వినవస్తాయి. ఒకటి యంత్రం చేయి పెట్టలేనంతగా కాలుతోందని, రెండోది నెట్ ఆగి ఆగి వస్తోందని. ఈ రెండింటిలో తప్పు ల్యాప్‌టాప్‌దా, ఇంటిదా, రౌటర్‌దా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఆ పనిని వస్తువు తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోపే చేయడం మంచిది.

వీడియో కాల్‌లో బొమ్మ నిలిచిపోతోంది, అదే సమయంలో ఫ్యాన్ హోరెత్తుతోంది

ఈ లక్షణం కనబడగానే అందరూ నెట్‌నే తిడతారు. సీతమ్మధారలో ఉన్న మా మేనకోడలు కూడా "మావయ్యా, నెట్ మళ్లీ పోయింది" అని వారం రోజులు ఫోన్ చేసింది. వెళ్లి చూస్తే ల్యాప్‌టాప్ మంచం మీద, మెత్తటి బొంతలో సగం కూరుకుపోయి ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లు అడుగున ఉన్న రంధ్రాల నుంచి గాలిని లోపలికి పీల్చి, వెనుక నుంచో పక్క నుంచో బయటికి తోస్తాయి. ఆ రంధ్రాలు బొంతతో మూసుకుపోతే లోపలి వేడి బయటికి పోదు. ల్యాప్‌టాప్‌కు మెదడు లాంటి ప్రాసెసర్ ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీలకు చేరగానే అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, దాంతో నెట్ సవ్యంగా ఉన్నా బొమ్మ నిలిచిపోతుంది.

దీన్ని నిర్ధారించుకోవడం సులభం. బొమ్మ ఆగిన సమయంలో విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, ఇంగ్లీషులో ping అని టైపు చేసి, పక్కన రౌటర్ చిరునామా ఇవ్వాలి. చాలా ఇళ్లలో అది 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ అయి ఉంటుంది. జవాబులు నాలుగైదు మిల్లీసెకన్లలో వరుసగా వస్తూంటే ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్య ఏ లోపమూ లేనట్టే. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో సీపీయూ (అంటే ప్రాసెసర్) గడి చూడాలి. అది 100 శాతం దగ్గర ఉంటే, లేదా అక్కడ చూపే వేగం మామూలుకన్నా బాగా పడిపోయి ఉంటే, వేడినే అనుమానించాలి. మేము చేసింది ఒక్కటే: ల్యాప్‌టాప్‌ను బల్ల మీదికి మార్చి, వెనుక అంచు కింద రెండు నోటు పుస్తకాలు పెట్టాము. ఐదు నిమిషాల్లో ఫ్యాన్ హోరు తగ్గింది, కాల్ కూడా సాఫీగా సాగింది.

అప్పటికీ తగ్గకపోతే సెట్టింగ్స్‌లో పవర్ మోడ్‌ను అత్యధిక పనితీరు నుంచి సమతుల్యానికి మార్చాలి. ఇంకా అవసరమైతే, పవర్ ప్లాన్ వివరాల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి అన్న గడి కనబడే యంత్రాల్లో 100 శాతానికి బదులు 99 పెడితే, ప్రాసెసర్ అదనపు వేగం పుంజుకోవడం సాధారణంగా ఆగిపోయి ఉష్ణోగ్రత బాగా దిగివస్తుంది. ఆటలు ఆడేవారికి ఇది నచ్చదు కాని, కాలేజీ పనికీ ఆఫీసు పనికీ ఆ తేడా తెలియదు. పలుచని ల్యాప్‌టాప్ భారీ పని చేసేటప్పుడు ఉష్ణోగ్రత చూపే యాప్‌లో 85, 90 డిగ్రీలు కనబడటం లోపం కాదు. ఏ పనీ లేనప్పుడు కూడా అంత చూపితేనే ఆందోళన పడాలి.

ఏమీ తెరవకపోయినా మొదటి రెండు రోజులు వేడిగా ఉంటోంది

కొత్త యంత్రం తెరవగానే విండోస్ అప్‌డేట్‌లు దించుకుంటుంది, ఫైళ్లకు సూచిక తయారు చేసుకుంటుంది, వైరస్ తనిఖీ నడుపుతుంది. వీటన్నిటినీ రాత్రంతా ఛార్జర్‌కు తగిలించి, మూత తెరిచి ఉంచి పూర్తి కానివ్వాలి. మూడో రోజు కూడా అలాగే ఉంటే టాస్క్ మేనేజర్‌లో పైవరుసలో ఉన్న ప్రోగ్రామ్ ఏదో చూసి, అది కంపెనీ ముందే ఎక్కించి ఇచ్చిన అనవసరపు యాంటీవైరస్ అయితే తీసేయవచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లో దుమ్ము పేరుకుందన్న మాట మాత్రం నమ్మనక్కర్లేదు. ఓడరేవు నుంచి వచ్చే నల్లని దుమ్ము కిటికీ అంచుల మీద పేరుకునే విశాఖ పాతనగరం ఇళ్లలో కూడా ఫ్యాన్ పూడుకుపోవడానికి నెలలు పడుతుంది.

మూత మూసి సంచిలో పెట్టాక కాలుతోంది

ఇటీవలి ల్యాప్‌టాప్‌లలో చాలావరకు మూత మూసినా పూర్తిగా నిద్రపోవు. ఫోన్‌లాగా వైఫై పట్టుకుని మధ్యమధ్య మేలుకుంటాయి. మద్దిలపాలెంలో బస్సు ఎక్కి రుషికొండలో దిగేసరికి సంచి లోపల ఇస్త్రీపెట్టెలా ఉంటే కారణం ఇదే. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, మూత మూస్తే ఏం జరగాలన్న చోట స్లీప్‌కు బదులు హైబర్నేట్ (పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోవడం) ఎంచుకుంటే సరిపోతుంది.

ఉక్కపోత వల్లే వేడెక్కుతోందన్న అనుమానం

ఇది మన ఊళ్లో తరచుగా వినబడే మాట కాని, పూర్తిగా నిజం కాదు. చెమట ఆరడం వల్ల మన ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి చెమట ఆరనప్పుడు మనకు ఉక్కగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు చెమట పట్టదు కనుక దానికి లెక్కలోకి వచ్చేది గాలి ఉష్ణోగ్రత మాత్రమే. చాలా కంపెనీలు గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకు వాడవచ్చని నిర్దేశిస్తాయి. ఆ లెక్కన సముద్రపు గాలి తగిలే విశాఖ ఇల్లు, ఎండ మండే విజయవాడ ఇంటికన్నా ల్యాప్‌టాప్‌కు మేలు.

తేమ చేసే హాని వేరే ఉంది. 22 డిగ్రీల ఏసీ గదిలోంచి బాల్కనీలోకి వచ్చినప్పుడు కళ్లజోడు అద్దాలు మసకబారినట్టే చల్లబడిన ల్యాప్‌టాప్ మీద, లోపల కూడా నీటి తేమ పడుతుంది. అందువల్ల దాన్ని సంచిలోనే ఉంచి, అరగంట ఆగి తెరవడం మేలు. లాసన్స్ బే కాలనీ, బీచ్ రోడ్డు వైపు ఉప్పు గాలికి కిటికీ ఊచలు ఎలా తుప్పు పడతాయో అక్కడివారికి తెలుసు. ఆ ఉప్పు ఛార్జింగ్ పోర్టు లోహాన్నీ వదలదు, కనుక సముద్రం వైపు కిటికీ పక్కన రాత్రంతా ల్యాప్‌టాప్‌ను తెరిచి ఉంచకూడదు.

ఫోన్లకు వైఫై బాగుంది, ల్యాప్‌టాప్‌కే తెగిపోతోంది

అన్ని పరికరాలకూ ఒకేసారి పోతే తప్పు రౌటర్‌దో లైనుదో అవుతుంది. ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ అన్న చోట ఎర్ర దీపం వెలిగితే సిగ్నల్ అందడం లేదని అర్థం, నేరుగా కనెక్షన్ ఇచ్చినవారికే చెప్పాలి. ల్యాప్‌టాప్‌కు మాత్రమే పోతే మొదట వైఫై డ్రైవర్‌ను (వైఫైని నడిపే సాఫ్ట్‌వేర్‌ను) తయారీదారు సైట్ నుంచి కొత్తది వేసుకోవాలి. తర్వాత డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్ వివరాలు తెరిచి, కరెంటు ఆదా కోసం దాన్ని ఆపేసే అనుమతిని తీసేయాలి. కొన్ని కొత్త యంత్రాల్లో ఈ గడి కనబడదు, అలాంటప్పుడు డ్రైవర్‌తోనే సరిపెట్టుకోవాలి.

ఎవరూ ఊహించని కారణం ఒకటుంది. యూఎస్‌బీ 3 పోర్టుకు హార్డ్ డిస్క్ తగిలించినప్పుడు దాని నుంచి వెలువడే రేడియో రొద, చాలా రౌటర్లు ఇచ్చే రెండు బ్యాండ్‌లలో (రేడియో దారులలో) ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొడుతుంది. వైర్‌లెస్ మౌస్ కూడా తడబడుతుంది. డిస్క్ పీకగానే వైఫై కుదుటపడితే దోషి దొరికినట్టే. అప్పుడు రెండో బ్యాండ్ అయిన 5 గిగాహెర్ట్జ్‌కు మారడం గానీ, డిస్క్‌ను పొడవాటి తీగతో దూరంగా పెట్టడం గానీ చేయాలి. అయితే 5 గిగాహెర్ట్జ్ రెండు గోడలు దాటేసరికి నీరసిస్తుంది. రెండు బ్యాండ్‌లకూ ఒకే పేరు ఉంటే ల్యాప్‌టాప్ అటూ ఇటూ గెంతుతూ తెగిపోతుంది కనుక వాటికి వేర్వేరు పేర్లు పెట్టడం మంచిది.

అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌కు ఇంటి వైఫై కనబడటం లేదు

పిల్లలు అక్కడ ఉన్న ఇళ్లలో ఇది మామూలు సంగతి. 2.4 గిగాహెర్ట్జ్‌లో అమెరికా పరికరాలు సాధారణంగా 1 నుంచి 11 వరకు చానెళ్లనే (బ్యాండ్ లోపలి చిన్న దారులనే) వాడతాయి; మన రౌటర్ తనంతట తాను 12 గానీ 13 గానీ ఎంచుకుంటే ఇంట్లో అందరి ఫోన్లకూ కనబడే పేరు ఆ ల్యాప్‌టాప్‌కు కనబడకపోవచ్చు. రౌటర్ సెట్టింగ్స్‌లో చానెల్‌ను 1, 6, 11లలో ఏదో ఒకదానికి స్థిరపరచాలి. పేరు కనబడి, కనెక్ట్ అయ్యాక కూడా సైట్లు తెరుచుకోకపోతే గడియారం చూడాలి. తేదీ, సమయం తప్పుగా ఉంటే భద్రత హెచ్చరికలు వస్తాయి, కనుక టైమ్ జోన్‌ను భారత కాలమానానికి మార్చి సమయాన్ని సరిచేయాలి. ఛార్జర్ మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉంటే మన 230 వోల్టులకు అది సరిపోతుంది. అయితే రెండు పిన్నుల అడాప్టర్ వాడితే ఎర్తింగ్ అందక లోహపు ఒంటి మీద చేయి పెట్టినప్పుడు జివ్వుమనవచ్చు. మూడు పిన్నుల తీగ కొనడమే దానికి మందు.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సిన సందర్భాలు

ఖాళీగా ఉన్నప్పుడే 90 డిగ్రీలు చూపుతున్నా, ఫ్యాన్ గీరుతున్న చప్పుడు చేస్తున్నా, ఫోన్ హాట్‌స్పాట్‌తో కూడా వైఫై తెగిపోతున్నా ఇక ఇంటి వైద్యం ఆపాలి. టచ్‌ప్యాడ్ ఉబ్బి పైకి లేస్తే బ్యాటరీ పాడైనట్టు అనుమానించి వెంటనే ఛార్జర్ తీసేసి, యంత్రాన్ని ఆపేయాలి. వెళ్లేటప్పుడు బిల్లుతో పాటు ఏ రోజు, ఏ పని చేస్తూండగా, ఎన్ని డిగ్రీలు చూపిందో ఫోటోలు తీసి తీసుకువెళ్లండి. కౌంటర్ దగ్గర ఏసీ చల్లదనంలో ఆ ల్యాప్‌టాప్ పది నిమిషాలు ఏ లోపమూ లేనట్టు బుద్ధిగా పనిచేస్తుంది.