ట్యాంకులో పెట్రోల్ పోసే ముందు

ఇంట్లో కట్టుకుంటున్న విమానం ట్యాంకుకి లీకు టెస్టు తెల్లవారుజామునే పెట్టండి. మా కావలిలో మే నెల రేకుల షెడ్డు సంగతి తెలిసిందే కదా, పది దాటితే ట్యాంకులో గాలి వేడెక్కి, ఒత్తిడి చూసేందుకు ట్యాంకుకి తగిలించిన గొట్టంలో నీళ్లు వాటంతట అవే పైకి లేస్తాయి, చిన్న లీకు ఉన్నా కనపడదు. నేనూ ఒకసారి అలాగే మోసపోయా, సాయంత్రం చల్లబడ్డాక నీళ్లు దిగిపోతుంటే ఒకటే టెన్షన్.

కంప్రెసర్ వద్దే వద్దు, రేకు ఉబ్బి సీలు విడిపోతుంది. సైకిల్ పంపు చాలు. కావాల్సిన గాలి ఒత్తిడి 1 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు), అంటే గొట్టంలో సుమారు 70 సెంటీమీటర్ల నీళ్ల ఎత్తు. రివెట్ల మీద, మూత చుట్టూ సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి, తర్వాత మంచినీళ్లతో కడిగేయండి.

ఫ్లేర్ జాయింట్లకి (పైపు చివర గరాటులా విప్పి బిగించేవి) టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, ప్లంబర్ ఎంత చెప్పినా సరే. దాని పీలికలు ఊడి ఫిల్టర్లో ఇరుక్కుంటాయి. ఫ్లేర్ టూల్ 37 డిగ్రీలదేనా? కార్ల పనికి వాడేది 45, రెండూ కలిపితే కారడం ఖాయం.

ట్యాంకులోకి గాలి వచ్చే వెంట్ గొట్టంలో కందిరీగ మట్టిగూడు పెట్టిందేమో చూసుకోండి.

పెట్రోల్ మాత్రం షెడ్డు బయటే పోయాలి. బ్యాటరీ వైర్లు తీసేసి, ట్యాంకునీ ఇనప డబ్బానీ వైరుతో కలిపి ఎర్త్ చేసి, మంటలార్పే సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. ఆ తర్వాత ముక్కు పైకెత్తి, విమానం గాల్లోకి ఎక్కేటప్పుడు ముక్కు ఎక్కువలో ఎక్కువ ఎంత లేస్తుందో ఆ కోణంలో నిలబెట్టి, కార్బురేటర్ దగ్గర పైపు విప్పి పెట్రోల్ ఎంత వేగంగా వస్తుందో కొలవండి: పెట్రోల్ పంపు లేకుండా దానంతటదే దిగే సిస్టమైతే టేకాఫ్‌లో ఇంజిన్ తాగేదానికి ఒకటిన్నర రెట్లు రావాలి, పంపుంటే 125 శాతం.