తెరచాప పడవ మన చేత్తో – 6వ పాఠం: మెలిక, బరువు, ‘వద్దని రాయలేదు కదా’

ఈ పాఠంలో తెరచాప మొదలుపెట్టాలి. కుదరదు. అయిదో పాఠంలో మన మిర్రర్ పడవ అతుకుల మీద టేపు వేశాక ఎక్కువమంది చెప్పినవి రెండు ఫిర్యాదులు: హల్ (పడవ ఒళ్లు) మెలి తిరిగింది, హల్ బరువెక్కింది. మూడోది ఫిర్యాదు కూడా కాదు, గొప్పగా చెప్పుకున్న సంగతి: బరువు తగ్గాలని సీటు కింది ఆసరా పలకలకి చిల్లులు పెట్టారట. మొదటి రెండూ ముందు తేలుద్దాం. మూడోదానికి చాలా చోటు కావాలి.

మెలిక సంగతి. మూలమట్టం చూశాం, రెండు కర్ణాలూ సమానంగానే ఉన్నాయి, మరి మెలిక ఎలా వచ్చిందని అడుగుతున్నారు. కర్ణాలు సమానమైతే పడవ పక్కకి వాలలేదని తెలుస్తుంది, అంతే. మెలిక వేరు. ఒకే వెడల్పున్న, వంకర లేని కర్రపట్టీలు రెండు తీసుకోండి, ఒక్కోటి 2 మీటర్లు. ఒకటి ముందు పలక మీద, ఇంకోటి వెనక పలక మీద అడ్డంగా పెట్టండి. పడవ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, మొదటి పట్టీ పై అంచు మీదుగా రెండోదాన్ని చూడండి. రెండు అంచులూ ఒకే గీతలో కలవాలి. ఒక పక్క వెనక పట్టీ కనబడి, రెండో పక్క దాక్కుంటే అదే మెలిక. పట్టీ పడవ వెడల్పు కంటే పొడుగుండాలని చెప్పేది ఇందుకే: పొట్టి పట్టీ మీద కంటికి ఆనని తేడా పొడుగు పట్టీ చివర స్పష్టంగా తెలుస్తుంది. రసమట్టం కంటే నాకు ఇదే నచ్చుతుంది. నేల ఎగుడుదిగుడైనా ఫరవాలేదు, ఒక పట్టీని ఇంకో పట్టీతోనే పోలుస్తున్నాం కాబట్టి.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పలకల్ని కుట్టిన తీగల్లో ఒక పక్కవన్నీ బిగించేశాక రెండో పక్కకి వెళ్లారు. నడుమ నుంచి చివరలకి, ఎడమ ఒకటి కుడి ఒకటి చొప్పున బిగించాలి. ఇప్పుడు చేయగలిగింది: డెక్, అంటే పై కప్పు, ఇంకా వేయలేదు కాబట్టి హల్ ఇంకా వంగుతుంది. కిందికి దిగిన మూల కింద చీలిక కొట్టి, అదే పలక రెండో కొసన పైకి లేచిన మూల మీద బరువు పెట్టి, పట్టీలు రెండూ కలిసేదాకా సర్దండి. ఆ స్థితిలోనే అడ్డగోడలు, డెక్ అతికించండి. డెక్ అతుకు గట్టిపడ్డాక హల్ మూసిన పెట్టె అవుతుంది, తర్వాత ఎవరూ తిప్పలేరు. డెక్ కూడా వేసేసినవాళ్లు మన క్లాస్ (ఒకే రకం పడవల జట్టు) రూల్ పుస్తకంలో టాలరెన్స్, అంటే ఎంత తేడా ఒప్పుకుంటారో, చూసుకోండి. ఆ లోపుంటే వదిలేయండి. దాటితే డెక్ కోయక తప్పదు.

ఇక బరువు. మిర్రర్‌ని 1962లో జాక్ హోల్ట్, బ్యారీ బక్‌నెల్ ఇంట్లో కట్టుకునేలా గీశారు. 3.3 మీటర్ల ఈ పడవ హల్ కనీస బరువు 45.5 కిలోలు. దానికి నాలుగయిదు కిలోలు ఎక్కువ తూగినవాళ్లందరూ తప్పు టేపుదంటున్నారు. టేపుది కాదు. 50 మిల్లీమీటర్ల వెడల్పు, చదరపు మీటరుకి 200 గ్రాముల టేపు మీటరు పొడుగు 10 గ్రాములే. అది తాగే రెజిన్ (ఎపాక్సీ జిగురు) ఇంకో 10, చేయి బరువైతే 15. ముప్ఫై మీటర్లు వేసినా కిలో కూడా కాదు.

దొంగ మూలలో ఉంది. టేపు కింద నున్నగా తీర్చిన ఎపాక్సీ ముద్దని, అంటే ఫిల్లెట్‌ని చూడండి. చెక్కపొట్టు కలిపిన ముద్దతో 90 డిగ్రీల మూలలో 12 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో తీరిస్తే మీటరుకి సుమారు 35 గ్రాములు పడుతుంది. అదే 25 మిల్లీమీటర్లయితే 150 దాకా. వ్యాసార్ధం రెట్టింపైతే ముద్ద నాలుగింతలు. ఇరవై మీటర్ల అతుకుల మీద మొదటిది 700 గ్రాములు, రెండోది 3 కిలోలు. పెద్ద గరిటె వెనక్కి తిప్పి గీసినవాళ్ల బరువంతా అక్కడే ఉంది. 12 మిల్లీమీటర్ల గుండ్రంతో పలచని చెక్కముక్క ఒకటి కోసుకోండి, అన్ని మూలలకీ అదొక్కటే వాడండి. ముద్ద జున్నులా ఉన్నప్పుడు ఉలి అంచుతో అదనం గీసేయొచ్చు. పూర్తిగా గట్టిపడితే గరుకు కాగితమే గతి, దాంతో గంటసేపు రుద్దినా పెద్దగా దిగదు.

తూచేముందు హల్ ఎండాలి. పడవ మునగకుండా ఉంచే గాలి పెట్టెల మూతలు తీసి, నీడలో గాలి ఆడేచోట కొన్నాళ్లు ఉంచండి. పెట్టెలో లీటరు నీళ్లు మిగిలితే కిలో బరువు.

తక్కువ తూగితే సంతోషమే. సీసం ముక్కలు రూల్ చెప్పిన చోట, చెప్పిన పద్ధతిలో బిగిస్తారు, ఆ బరువు పడవ కొలతల సర్టిఫికెట్‌లో రాస్తారు. వాటిని తర్వాత కదపడం, తీయడం మీ ఇష్టం కాదు. ఎక్కువ తూగితే మాత్రం సర్దడానికి రూల్ ఏమీ ఇవ్వదు. చిల్లుల కథ మొదలయ్యేది ఇక్కడే.

‘ఆసరా పలకకి చిల్లు పెట్టకూడదని ఎక్కడా రాయలేదు కదా!’

రాయక్కర్లేదు. క్లాస్ రూల్స్ రెండు రకాలు. ఓపెన్ రూల్స్‌లో వద్దన్నది తప్ప అన్నీ చేయొచ్చు. క్లోజ్డ్ రూల్స్‌లో చేయొచ్చు అన్నది తప్ప ఏదీ చేయకూడదు. అందరి పడవలూ ఒక్కలా ఉండాలనుకునే చిన్న క్లాసులవి రెండో రకం. ఆ మాట పుస్తకం మొదట్లోనే ఉంటుంది, అందరూ దాటేసి కొలతల పట్టికకి వెళతారు. మాత్ అనే ఓపెన్ రూల్స్ రేసు పడవ గురించి చదివి వచ్చినవాళ్లకి ఈ గందరగోళం ఎక్కువ. అక్కడ పొడుగు 3355 మిల్లీమీటర్లు, వెడల్పు 2250, తెరచాప వైశాల్యానికి ఒక హద్దు, ఇలాంటి కొద్ది గీతలే. కనీస బరువే లేదు. అందుకే ఆ క్లాస్‌లో పడవ కింద రెక్కలు కట్టి నీటి పైకి లేపగలిగారు. ఆ ఆలోచనతో మన పుస్తకం చదివితే ప్రతి పేజీ తప్పుగానే అర్థమవుతుంది.

కాబట్టి అడగాల్సింది ‘ఎక్కడ వద్దన్నారు?’ అని కాదు, ‘ఎక్కడ ఒప్పుకున్నారు?’ అని. చిల్లులకి ఒప్పుకున్న వాక్యం చూపించండి. రంగు కింద ఒక పొర కార్బన్ గుడ్డ వేశామన్నవాళ్లు, వాడొచ్చన్న సరుకుల జాబితాలో కార్బన్ చూపించండి. వెనక పలక కింది అంచు గుండ్రం ఎంతుండాలో పుస్తకంలో అంకె ఉంటే అదే మీ హద్దు. ‘కాస్త పదును చేస్తే నీరు బాగా విడుస్తుంది’ అన్నది నిజమే, అందుకే అక్కడ అంకె పెట్టారు. అదనపు కప్పీ, పొడుగు చుక్కాని మేకు, డెక్‌లో ఇంకో మూత, అన్నిటికీ ఇదే ప్రశ్న. ఆప్టిమిస్ట్ పడవలో తెరచాపని స్పార్‌కి (దాన్ని పట్టి ఉంచే కర్రకి) కట్టే తాడు దగ్గర సందు 10 మిల్లీమీటర్లు దాటకూడదన్నంత చిన్న విషయం కూడా పుస్తకంలో ఉంది. అంత వివరంగా రాసినవాళ్లు చిల్లుల మాట మరిచిపోయారనుకోకండి.

వాక్యం దొరకలేదా, పని ఆపండి. క్లాస్ సంఘానికి రాసి, జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి. ‘పక్క పడవకి ఉంది’ జవాబు కాదు. ‘కొలిచినాయన చూశాడు, ఏమీ అనలేదు’ కూడా కాదు. సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, పడవని రూల్స్‌కి తగ్గట్టు ఉంచే బాధ్యత యజమానిది, పడవ నడిపే మనిషిది. రేసింగ్ రూల్స్‌లో 78వది అదే చెబుతుంది. మామూలు అరుగుదల, దెబ్బ వల్ల వచ్చిన తేడా అయితే, దానివల్ల వేగం పెరగకపోతే శిక్ష వేయరు, సరిచేసుకోమంటారు. చిల్లు అరుగుదల కాదు.

చిల్లులు పెట్టేసినవాళ్లు అదే మందం ప్లైవుడ్ బిళ్లలు కోసి, ఎపాక్సీతో పూడ్చండి. ఆ మరమ్మతు తర్వాత మళ్లీ కొలిపించాలో లేదో పుస్తకంలో చూడండి.

రెగట్టాలో, అంటే పడవ పోటీల్లో, ఇది ఎలా బయటపడుతుందంటే, తనిఖీలో. పడవ రూల్స్‌కి తగ్గట్టు లేదని టెక్నికల్ కమిటీ తేల్చుకుంటే ప్రొటెస్ట్ (పడవ మీద ఫిర్యాదు) చేసి తీరాలి, చూసీ చూడనట్టు వదిలే వీలు దానికి లేదు. 24 పడవలు నమోదైన సిరీస్‌లో అనర్హతకి మామూలు లెక్కన 25 పాయింట్లు, గెలిచిన పడవకి 1 (తక్కువ పాయింట్లవాళ్లే నెగ్గుతారు). స్టార్ట్ జెండాలు, ఎవరు ఎవరికి దారివ్వాలి అన్నవి మీకు తెలిసినవే, వదిలేస్తున్నాను.

తనిఖీలో ఇంకోటి ఎక్కువగా దొరుకుతుంది: స్పార్ల మీద తెరచాప హద్దు చూపే కొలత పట్టీలు. మాస్ట్‌కి (నిలువు స్తంభానికి) కొత్త వార్నిష్ వేస్తూ వాటిని కప్పేస్తారు, తర్వాత అందాజుగా మళ్లీ గీస్తారు. మాస్ట్ పై పట్టీకి లెక్క దాని కింది అంచు, బూమ్ (తెరచాప అడుగు కర్ర) పట్టీకి లోపలి అంచు. తెరచాప ఆ అంచు దాటకూడదు. ఏ అంచో మరిచి గీస్తే పట్టీ వెడల్పంత తేడా వస్తుంది. వార్నిష్‌కి ముందే మాస్ట్ అడుగు నుంచి ఆ అంచు దాకా కొలిచి రాసిపెట్టుకోండి.

అభ్యాసం. ఒక పూట పడుతుంది, సగంలో వదలొద్దు. పడవ మీద ఉన్న ప్రతి వస్తువూ ఒక వరుసలో రాయండి: కప్పీలు, తాళ్లు, స్క్రూలు, మూతలు, అంటించిన ప్రతి టేపు ముక్కా. ఎదురుగా దాన్ని ఒప్పుకునే రూల్ నంబరు రాయండి. గుర్తున్న నంబరు రాయొద్దు, పుస్తకం తెరిచి చూసి రాయండి. నంబరు దొరకని వరుసల చుట్టూ గీత గీసి, ఆ వస్తువులు పడవ మీంచి విప్పి పక్కన పెట్టండి. తర్వాత ఎండిన హల్‌ని మూడుసార్లు తూచండి. మూడు అంకెలూ 200 గ్రాముల లోపు కలవకపోతే తప్పు తూచే పద్ధతిలో ఉంది: వేలాడదీసిన తాడు నేలకో గోడకో తగులుతోందేమో చూడండి.