కార్యకలాపాలకూ మేజర్‌కూ పొంతన కుదరడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా చూడండి

అమెరికాలో చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్ నింపేటప్పుడు, చదువు బయట చేసిన కార్యకలాపాలకు 10 గళ్లే ఉంటాయి. ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలు, ఖాళీలతో కలిపి. ఆ ఇరుకులో మేజర్‌తో, అంటే కాలేజీలో ప్రధానంగా చదవాలనుకునే విషయంతో, సంబంధం చూపడం దగ్గరే చాలామంది చిక్కుకుంటారు.

సమస్య: పట్టిక చదివినవారికి మీరు ఏం చదవాలనుకుంటున్నారో తెలియడం లేదు.

కారణం: చాలాసార్లు పని చేసే ఉంటారు, వివరణలో మాత్రం అది కనిపించదు. "రోబోటిక్స్ క్లబ్ సభ్యురాలిని, పోటీల్లో పాల్గొన్నాను" అంటే క్లబ్ గురించి తెలుస్తుంది కానీ మీ గురించి కాదు.

పరిష్కారం: క్లబ్ పేరుకూ హోదాకూ వేరే గళ్లున్నాయి. వివరణను మీరు స్వయంగా చేసిన పనికే కేటాయించండి. "సెన్సార్ తప్పుడు కొలతలను సరిచేసే ప్రోగ్రాం రాశాను, జూనియర్లకు నేర్పాను" అంటే కంప్యూటర్ సైన్స్ అన్న మాటే అక్కర్లేదు. మీకు ముఖ్యమైనవి ముందు రావాలని కామన్ యాప్ చెబుతుంది కాబట్టి, ఇలాంటివి పై వరుసల్లో పెట్టండి.

సమస్య: ఏళ్ల తరబడి కూచిపూడి నేర్చుకుని రంగప్రవేశం చేశారు. మేజర్ మాత్రం కంప్యూటర్ సైన్స్.

కారణం: ప్రతి గడీ మేజర్‌నే చూపాలన్న భయం. తెలుగు ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. ఈ భయంతోనే కొందరు "తాళమంటే గణితం, నృత్యమంటే అల్గారిథం" అని రాస్తారు. అన్నేళ్ల సాధనను ఇలా మరో దాని నీడగా మార్చడం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. పైగా అది అతికించిన మాట అని చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

పరిష్కారం: నృత్యాన్ని నృత్యంగానే రాయండి. మేజర్ ఆసక్తిని నిలబెట్టడానికి రెండు మూడు గట్టి కార్యకలాపాలు చాలు. మిగతావి మీరెలాంటి మనిషో చెబుతాయి. జతులను వర్గీకరించే ప్రోగ్రాం నిజంగా రాసి ఉంటే, అప్పుడు ఆ ముడి మీరు వేసినదే. ధైర్యంగా చెప్పండి.

సమస్య: ఇంటర్ ఎంపీసీ, రాత్రి దాకా కోచింగ్. రాయడానికి ఏమీ లేదు.

కారణం: తీరిక లేకపోవడం నిజమే. కానీ లెక్కలోకి వచ్చేవాటిని మీరే వదిలేస్తున్నారు. కామన్ యాప్‌లో కుటుంబ బాధ్యతలకూ, జీతానికి చేసే పనికీ ప్రత్యేక విభాగాలున్నాయి.

పరిష్కారం: నాన్నగారి దుకాణంలో అరువు ఖాతాలు చూస్తుంటే, ఎవరు ఎప్పుడు బాకీ తీరుస్తున్నారో గమనించి ఉంటే, అర్థశాస్త్రానికి అంతకన్నా మంచి ఆధారం ఏముంటుంది? పన్నెండో తరగతిలో హడావిడిగా స్వచ్ఛంద సంస్థ పెట్టడం కన్నా ఇది ఎంతో బరువైనది.

సమస్య: కార్యకలాపాలన్నీ వైద్యం వైపు, ఇప్పుడు మనసు ప్రజా విధానం (పబ్లిక్ పాలసీ) వైపు.

ఇది లోపమే కాదు. పట్టికను మార్చకండి. మలుపు ఎక్కడ వచ్చిందో, ఆ మేజర్ ఎందుకని అడిగే వ్యాసంలో చెప్పండి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లకైతే 8 ప్రశ్నల్లో 4 ఎంచుకుని, ఒక్కోదానికి 350 పదాల్లోపు రాయాలి. మిమ్మల్ని ఆకట్టుకున్న పాఠ్యాంశం గురించి అడిగే ప్రశ్న వాటిలో ఉంది. ఆస్పత్రిలో సేవ చేస్తూ, మందులు కొనలేక వెనుదిరిగినవారిని చూసి ఉంటే ఆ సంగతి అక్కడ రాయండి.

ఇంత కుస్తీ పట్టే ముందు, ఆ కాలేజీ మేజర్‌ను బట్టి ప్రవేశమిస్తుందో లేదో చూసుకోండి. ఎంఐటీ మేజర్ ప్రకారం చేర్చుకోదు, మొదటి ఏడాది తర్వాత ఎంచుకోవచ్చు. అర్బానా షాంపేన్‌లోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ కావాలంటే మాత్రం దరఖాస్తులోనే కోరాలి, తర్వాత మారడం చాలా కష్టం. అలాంటి చోటికి పంపే ముందు మేజర్‌కు సంబంధించిన వివరణలను మరోసారి చదివి, వారానికి వేసిన గంటలు మీ బడి వేళలతో పొసగుతున్నాయో లేదో కూడి చూసుకోండి.