పర్లాకిమిడి షాపు, పాతపట్నం కస్టమర్: సీజన్‌కి ముందు చూసుకోవలసినవి

పెళ్ళిళ్ళ సీజన్‌కి ఫ్రిజ్‌లు, మిక్సీలు దించుకునే ముందు బిల్లు పుస్తకం తెరిచి చూడండి. కింద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేయించి ఉంటే మార్పించేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలి. బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పే.

• బిల్లు మీద షాపు అడ్రసు, వరస నంబరు, తేదీ, కొన్నవారి పేరు, మీ సంతకం ఉండాలి.

• తయారుచేసిన కంపెనీ ఏదో తెలియని స్టవ్‌లు, చార్జర్లు చవగ్గా వస్తున్నాయని దించుకోకండి. అవి పేలి ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం మన మెడకే చుట్టుకుంటుంది.

• కంపెనీ ఏడాది వారంటీ ఇస్తే, "మూడేళ్ళు నాదీ పూచీ" అని బేరం కుదరడానికి మాట ఇవ్వకండి.

అసలు టెన్షన్ కేసు ఎక్కడ పడుతుందన్నదే. ఇప్పుడు కస్టమర్ తను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. పాతపట్నం మనిషి శ్రీకాకుళంలో వేస్తే, పర్లాకిమిడి ఉన్న ఒడిశా గజపతి జిల్లా నుంచి మనమే రాష్ట్రం దాటి వెళ్ళాలి. కస్టమర్‌కి ఇది న్యాయమే. ఫ్రిజ్ పాడైన ఇంటివాళ్ళను ఊళ్ళు తిప్పకూడదు. కానీ చిన్న షాపుకి బరువే.

నోటీసు అందితే 30 రోజుల్లో జవాబివ్వాలి, కేసు వినే వినియోగదారుల కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15 రోజులు. అందుకని కవరు వచ్చిన రోజే వకీలుకి చూపించండి. ఫిర్యాదుకి రెండేళ్ళ గడువు ఉంది కాబట్టి బిల్లుల నకళ్ళు అప్పటిదాకా దాచండి.