ఎండల్లో హైవే ఎక్కేముందు: టైరు గాలి, కూలెంట్, ఇంకా కొన్ని సంగతులు

రెండేళ్ల కిందట మే నెలలో మా బావ కారులో ఒంగోలు నుంచి నెల్లూరు వస్తున్నాం. ఐదుగురం మనుషులం, డిక్కీ నిండా పెళ్లి సామాను, అది చాలదన్నట్టు ఉలవపాడు దగ్గర ఆగి రెండు బుట్టల మామిడికాయలు కూడా ఎక్కించాం. కావలి ఇంకా రాలేదు, మధ్యాహ్నం రెండు దాటింది, ఏసీ వేసుకుని కబుర్లు చెప్పుకుంటూ వస్తుంటే వెనక ఎడమవైపు టైరు ఢామ్మని పేలింది. బావ కంగారుపడి బ్రేకు తొక్కలేదు, ఆ సమయానికి పక్కన లారీ లేదు, అంతే, లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. తీరా స్టెప్నీ తీస్తే అందులో గాలి లేదు.

పంక్చర్ షాపాయన పేలిన టైరు తిప్పి చూసి, "అరగడం ఏం అరగలేదన్నా, టైరే ముసలిదైపోయింది" అన్నాడు. చూస్తే ఆ టైరు తయారై అప్పటికి ఎనిమిదేళ్లు. కారు తిరిగింది తక్కువ, ఇంటి ముందు ఎండలో నిలబడిందే ఎక్కువ. గాలి చూసుకుని రెండు నెలలైందని బావే ఒప్పుకున్నాడు. ముసలి టైరు, తక్కువ గాలి, ఎక్కువ బరువు, పైన మే నెల ఎండ. ఈ నాలుగూ ఒక్కచోట కలిశాయి. అందుకే ఎవరు కారులో దూరం పోతున్నామన్నా నేను మొదట టైర్ల సంగతే అడుగుతాను.

ముందు గాలి. మన దగ్గర చాలామంది, పెద్ద డ్రైవర్లు కూడా, "ఎండాకాలం కదా, గాలి రెండు పాయింట్లు తక్కువ కొట్టించు, లేకపోతే వేడికి ఉబ్బి పేలుతుంది" అంటారు. ఇది తప్పు, పైగా ప్రమాదం. గాలి తక్కువైతే టైరు పక్క గోడలు తిరిగిన ప్రతిసారీ నలిగి మళ్లీ సాగుతుంటాయి. ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే వంచిన చోట కాలుతుంది, చివరికి పుటుక్కున తెగుతుంది కదా, టైరు లోపల జరిగేది అదే. ఆ వేడికి లోపలి పొరలు విడిపోతాయి, బరువు ఎక్కువున్నప్పుడు, వేగం మీదున్నప్పుడు పేలుతుంది. గాలి ఎక్కువ కావడం వల్ల పేలే టైర్ల కన్నా తక్కువ కావడం వల్ల పేలేవే ఎక్కువ.

మరి ఎంత కొట్టించాలి? డ్రైవరు డోరు తీస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది, కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపలివైపు. అందులో ఇద్దరు ముగ్గురు ఎక్కితే ఎంత, నిండా మనుషులూ సామానూ ఉంటే ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. చిన్న కార్లకు మామూలుగా 30 నుంచి 36 పాయింట్ల (పీఎస్ఐ) మధ్య ఉంటుంది కానీ మీ కారు స్టిక్కరు ఏం చెబితే అదే లెక్క. టైరు మీద రాసిన అంకె చూసి కొట్టించకండి, అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం.

స్టిక్కరు మీదున్న అంకె చల్లటి టైరుకు. అంటే పొద్దున్నే, ఎండ టైర్ల మీద పడకముందు, కారు తీయకముందు చూడాలి. పది డిగ్రీల వేడి పెరిగితే సుమారు ఒకటిన్నర పాయింట్లు పెరుగుతుంది. ఇంటి ముందు కారు ఒక పక్క ఎండలో, ఒక పక్క నీడలో ఉంటే రెండు పక్కలా వేర్వేరు అంకెలు వస్తాయి, దానికి కంగారుపడక్కర్లేదు. బంకు దగ్గర మిషన్లలో కొన్ని సరిగ్గా చూపిస్తాయి, కొన్ని చూపించవు, కాబట్టి సొంతంగా ఒక గేజి కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు. కారులో సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న గాలి పంపు కూడా ఉంటే మరీ మంచిది, గాలి కోసం ఎక్కడికీ పోయే పని ఉండదు.

పంపు లేదు, బంకేమో ఐదారు కిలోమీటర్ల దూరం, అక్కడికి పోయేసరికి టైరు వేడెక్కిపోతుంది, ఏం చేయాలి? ఇంటి దగ్గరే చల్లగా ఉన్నప్పుడు చూసుకుని రాసుకోండి. ఉండాల్సింది 33, ఉన్నది 28 అనుకుందాం, ఐదు తక్కువ. బంకుకు పోయాక మీ గేజి 30 చూపించిందా, దాని మీద ఐదు కలిపి 35 చేయండి. ఇంటికొచ్చి చల్లారాక చూస్తే 33 దగ్గరికి వచ్చేస్తుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. దూరం పోతూ మధ్యలో టీకి ఆగినప్పుడు గేజి పెడితే 37, 38 కనిపిస్తుంది. "అమ్మో ఎక్కువైంది" అని గాలి తీసేయకండి. అలా పెరగడం సహజం, ఆ లెక్క వేసుకునే కంపెనీ వాళ్లు చల్లటి అంకె ఇస్తారు. వేడి మీద గాలి తీస్తే చల్లారాక తక్కువైపోతుంది, మళ్లీ పైన చెప్పిన ప్రమాదమే.

నైట్రోజన్ గురించి ప్రతి ఒక్కరూ అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. కొట్టించుకుంటే నష్టం లేదు, తేమ లేని గాలి కాబట్టి కొంచెం నిలకడగా ఉంటుంది. కానీ నైట్రోజన్ కొట్టించాం కదా అని మూడు నెలలు చూడకుండా వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను. ఫ్రీ గాలి అయినా పదిహేను రోజులకోసారి చూసుకునేవాడి టైరే భద్రం. దారిలో నైట్రోజన్ దొరక్కపోతే మామూలు గాలి కలిపేయండి, ఏమీ కాదు.

ఇక టైరు వయసు. టైరు పక్క గోడ మీద డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. బయటివైపు కనపడకపోతే లోపలివైపు ఉంటుంది, సెల్‌ఫోన్ లైటు వేసుకుని వంగి చూడాలి. రబ్బరు నడిచినా నడవకపోయినా ముసలిదవుతుంది, ఎండ తగిలితే ఇంకా తొందరగా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు, ఆ ఎండలో ఏళ్ల తరబడి నిలబడిన రబ్బరు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఐదేళ్లు దాటిన టైరును ఏటా ఒకసారి షాపులో విప్పి చూపించండి. నా వరకైతే మన ప్రాంతంలో ఆరేళ్లు దాటాక గాడులు ఎంత లోతున్నా ఆ టైరుతో హైవే ఎక్కను. ఊళ్లో కూరగాయలకు తిరగడం వేరు, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని వంద మీద పోవడం వేరు.

పక్క గోడ మీద సన్నటి పగుళ్లు, ఎక్కడైనా బొబ్బలాగా ఉబ్బు కనిపిస్తే ఇక ఆలోచించొద్దు, మార్చేయండి. ఉబ్బు అంటే గుంటలో పడ్డప్పుడు లోపలి దారాలు తెగాయన్నమాట, దానికి రిపేరు లేదు. గాడుల మధ్య అడ్డంగా చిన్న గట్లు కడతారు, టైరు అరిగి వాటికి సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టు, అదే చివరి హద్దు. కొత్త టైర్లు కొనేటప్పుడు కూడా ఆ నాలుగు అంకెలు చూశాకే బిగించమనండి. ఒక షాపులో నాకు కొత్తదని చెప్పి రెండేళ్ల నాటి టైరు బిగించబోయారు, అంకెలు చూపించి అడిగితే మారు మాట్లాడకుండా లోపలికెళ్లి వేరేది తెచ్చారు. సెకండ్ హ్యాండ్ టైర్లు మాత్రం ఎంత చవకైనా వద్దు. రెండే మారుస్తుంటే కొత్తవి వెనక వేయించండి. ముందు వేయాలని చాలామంది వాదిస్తారు గానీ, వాన రోడ్డు మీద వెనక టైర్లు జారితే కారు గిర్రున తిరిగిపోతుంది, మామూలు డ్రైవరు దాన్ని పట్టుకోలేడు.

స్టెప్నీ మరిచిపోకండి, దానికీ వయసుంది, దానికీ గాలి కావాలి. మా కథ చెప్పాను కదా.

టైర్ల తర్వాత కూలెంట్, అంటే ఇంజిన్ వేడెక్కకుండా రేడియేటర్లో పోసేది. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు ఎలా ఉంటాయో అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. గిన్నెలో మరిగిస్తే అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది. రేడియేటర్లో పోసినా అదే పెచ్చు సన్న గొట్టాల్లో కడుతుంది. "మా అంబాసిడర్‌లో నీళ్లే పోసేవాళ్లం, ఏమైంది?" అని మా నాయన ఇప్పటికీ అంటాడు. ఇప్పటి ఇంజిన్లలో అల్యూమినియం ఎక్కువ, నీళ్ల దారులు సన్నవి, అందుకే తుప్పు పట్టకుండా, తొందరగా మరగకుండా మందు కలిసిన కూలెంటే పోయాలి. నేరుగా పోసే కూలెంట్ దొరుకుతుంది, చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్‌తో కలుపుకోవాలి. పాళ్లు డబ్బా మీద ఉంటాయి, చాలావాటికి సగం సగం. పచ్చదా, ఎర్రదా అని రంగు చూసి కలపకండి, మీ కారు పుస్తకంలో ఏ రకం అన్నారో అది కొనండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, తెల్ల డబ్బాలో కూలెంట్ రెండు గీతల మధ్య ఉందా లేదా చూస్తే చాలు, నిమిషం పని. నెలనెలా తగ్గుతుంటే ఊరికే పోస్తూ కూర్చోకండి, ఎక్కడో కారుతోంది, మెకానిక్‌కు చూపించండి. దారిలో టెంపరేచర్ ముల్లు ఎక్కుతున్నా, ముల్లు లేని కార్లలో ఎర్ర లైటు వెలిగినా వెంటనే ఏసీ ఆపండి, హీటరు ఫుల్లుగా పెట్టండి. ఎండలో హీటరేంటని నవ్వకండి, ఇంజిన్ వేడిని అది బయటికి లాగుతుంది. అలాగే మెల్లగా పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి, అలా కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. అరగంటో, ఇంకా ఎక్కువో ఆగి, చేయి పెట్టగలిగేంత చల్లారాక, గుడ్డ కప్పి మెల్లగా తిప్పండి. గత్యంతరం లేకపోతే తాగే మినరల్ వాటర్ పోసి దగ్గర్లోని ఊరు చేరండి, తర్వాత దాన్ని మొత్తం తీయించి సరైన కూలెంట్ పోయించండి.

ఏసీ చల్లగా రావడం లేదంటే అందరూ ముందు గ్యాస్ అయిపోయిందంటారు. ఆ డబ్బు పెట్టేముందు క్యాబిన్ ఫిల్టరు, అంటే లోపలికొచ్చే ఏసీ గాలిలో దుమ్ము ఆపేది, తీసి చూడండి. చీమకుర్తి గ్రానైట్ లారీల వెంట తిరిగే కార్లకైతే రేడియేటర్ ముందున్న కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలేది) రెక్కల్లో దుమ్ము పేరుకుంటుంది, మామూలు పైపుతో నీళ్లు పట్టిస్తే సగం తేడా కనిపిస్తుంది. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే అద్దాలు దించి రెండు నిమిషాలు పోనిచ్చి, వేడి గాలి పోయాక అద్దాలెత్తి లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి.

బ్యాటరీకి నాలుగేళ్లు దగ్గర పడితే ప్రయాణానికి ముందే షాపులో పరీక్ష చేయించండి.

ప్రతి వేసవిలో వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతుంది, ట్యాంకు నిండా పెట్రోలు పోయిస్తే ఎండకు పేలుతుందని. అది నిజం కాదు. బంకు గన్ను తనంతట తాను ఆగేదాకా పోయించుకోవచ్చు. ఆగాక "రౌండ్ ఫిగర్ చేయన్నా" అని ఇంకా పోయించడమే తప్పు, పెట్రోలు వ్యాకోచించడానికి, ఆవిరికి ట్యాంకులో చోటు వదిలి ఉంటుంది, దాన్ని నింపేయకూడదు. ఇప్పుడు వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లు దానికి తగ్గట్టే వస్తున్నాయి. అంతకంటే పాతవాటికి మైలేజీ కొంచెం తగ్గుతుంది. సర్వీసింగప్పుడు పెట్రోలు పైపులు, రబ్బర్లు ఒకసారి చూడమనండి, పెట్రోలు వాసన వస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు.

కోతల కాలంలో కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, సంగం వైపు రోడ్ల మీద వరిగడ్డి పరిచి ఉంటుంది. దాని మీదుగా పోతే గడ్డి కింద ఇరుక్కుని సైలెన్సరు పైపుకు తగులుతుంది. పెట్రోలు కార్లలో పొగను శుభ్రం చేసే డబ్బా ఆ పైపు మీదే ఉంటుంది, అది నిప్పులా కాలుతుంది. పక్క నుంచి పోయే దారి లేకపోతే దాటాక ఆగి కింద చూసి గడ్డి లాగేయండి. ఎండుగడ్డి మీద కారు నిలపనే వద్దు.

పిల్లల్ని ఐదు నిమిషాలే కదా అని కారులో వదిలి దిగకండి. అద్దం కొంచెం దించినా లాభం లేదు, లోపల వేడి నిమిషాల్లో పెరుగుతుంది, పసివాళ్లు తట్టుకోలేరు. నిద్రపోతున్నా సరే ఎత్తుకుని దిగండి.

ఇన్ని చూసుకున్నా టైరు పేలొచ్చు. అప్పుడు బ్రేకు జోలికి పోవద్దు. స్టీరింగ్ రెండు చేతులతో గట్టిగా, నిటారుగా పట్టుకుని, ఆక్సిలరేటర్ మీది కాలు మెల్లగా తీయండి, కారు తనంతట తాను వేగం తగ్గుతుంది, అప్పుడు ఎడమవైపుకు తీసుకోండి. నాలుగు ఇండికేటర్లూ వేసి, అందర్నీ ఎడమవైపు డోర్ల నుంచి దించి రెయిలింగ్ అవతల నిలబెట్టండి. డిక్కీలో ఎర్ర త్రికోణం ఉంటుంది, దాన్ని యాభై అడుగులు వేసి వెనక పెట్టండి. పేలింది కుడివైపు టైరైతే, రోడ్డు పక్క జాగా ఇరుకైతే, లారీలకు వీపు పెట్టి కూర్చుని జాకీ ఎక్కించొద్దు. రిమ్ము పాడైనా పర్వాలేదు, నడిచినంత మెల్లగా పోనిచ్చి జాగా ఉన్న చోట ఆపండి, లేదా 1033కి ఫోన్ చేయండి, నేషనల్ హైవేల మీద సాయానికి ఉన్న నంబరు అది. ఎవరికైనా దెబ్బ తగిలితే 108.